ముత్యాల రేవులో సున్నపు గీత

అనగనగా, నదుల మీద వంతెనలు పుట్టని రోజుల్లో, తెల్లేరు అనే ఒక పెద్ద ఏరు ఉండేది. ఈ ఒడ్డున నిలబడి కేకేస్తే ఆ ఒడ్డుకు వినిపించనంత వెడల్పు. ఇటు పక్క ముత్యాల రేవు. అటు పక్క సంత జరిగే పెద్ద ఊరు. ఉప్పు తెచ్చుకోవాలన్నా, బట్ట కొనుక్కోవాలన్నా, పెళ్ళికి పిలుపులు చెప్పాలన్నా పడవ ఎక్కాల్సిందే.

ఆ రేవులో పోలన్న అనే సరంగు ఉండేవాడు. పడవ నడపడంలో అతన్ని మించినవాడు లేడు. నీటి రంగు చూసి లోతు చెప్పేవాడు. గాలి చెవికి తగిలితే చాలు, వాన ఎప్పుడొస్తుందో చెప్పేవాడు. జనం మిగతా పడవలు ఖాళీగా ఉన్నా అతని పడవ కోసమే కాచుకుని కూర్చునేవారు. ప్రతి ఏడూ ఏటి పండగనాడు ఊరి పెద్దలు మొదటి కొబ్బరికాయ పోలన్న చేతికే ఇచ్చేవారు. అతను దాన్ని కళ్ళకద్దుకుని నీళ్ళలో వదిలితేనే పండగ మొదలైనట్టు.

అలా పన్నెండేళ్ళు గడిచాయి. పోలన్న తలెత్తుకుని నడిచేవాడు.

ఆ తరువాత ఎగువ నుంచి నూకాలు అనే ఆడమనిషి వచ్చి ముత్యాల రేవులో గుడిసె వేసుకుంది. కొబ్బరి పీచుతో తాళ్ళు పేనడం ఆమె పని. ఆమె పుట్టిన ఊళ్ళో ఒకసారి పడవ మునిగింది. ఆ పడవలో ఎవరో ఎండిన సొరకాయ బుర్రల కట్ట తీసుకెళుతున్నారు. అది చేతికి తగలబట్టి నూకాలు తేలింది. మిగతావారు తేలలేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ పదే పదే చెప్పుకోలేదు. కానీ ఆనాటి నుంచి పడవ కనిపిస్తే ఊరికే ఉండలేకపోయేది.

తన గుడిసె కప్పు మీదికి సొర తీగలు పాకించింది. కాయలను ముదరనిచ్చి, ఎండబెట్టి, తాళ్ళకు గుచ్చి, సరంగులు కాదనని ప్రతి పడవ అంచుకూ కట్టింది. ఆ పడవల్లో ఒక్కొక్కదానిలో ఎంతమంది ఎక్కవచ్చో చూసి, బయటి పక్కబల్ల మీద సున్నంతో ఒక గీత గీసింది. రేవులో పెద్ద గడ పాతి, దాని కొసకు ఒక ఎర్రగుడ్డ కట్టింది.

"గుడ్డ రెపరెపలాడితే పడవ విప్పకండి. గీత నీళ్ళలోకి దిగితే మనిషిని ఎక్కించకండి. పడవ తలకిందులైతే బుర్ర వదలకండి" అని తెల్లవారగానే వచ్చి రేవులో నిలబడి అందరికీ చెప్పేది. కూలి అడగలేదు. పదవి అడగలేదు. పొద్దెక్కాక వెళ్ళి తన తాళ్ళు తాను పేనుకునేది.

మొదట అందరూ నవ్వారు. తరువాత నలుగురు విన్నారు. తరువాత పదిమంది ఆమె పక్కన నిలబడ్డారు. ఆ ఏడాది వానాకాలంలో మూడు పడవలు తిరగబడ్డాయి. ఒక్క ప్రాణం కూడా పోలేదు.

ఏటి పండగ వచ్చింది. పోలన్న తలస్నానం చేసి, కొత్త పంచె కట్టుకుని, అలవాటు ప్రకారం ముందు వరుసలో నిలబడ్డాడు. ఊరి పెద్ద కొబ్బరికాయ తీసుకుని వచ్చి, పోలన్నను దాటి వెళ్ళి, నూకాలు చేతిలో పెట్టాడు.

జనం జేజేలు కొట్టారు. పోలన్న కూడా చేతులు చరిచాడు. కానీ అతని గుండెల్లో ఏదో ముల్లు దిగింది.

ఆ ముల్లు ఇక ఊడలేదు. ఎవరైనా "నూకాలు" అంటే చాలు, అతని మొహం మాడిపోయేది. గీత గీయించుకోని అతని పడవ ఎక్కేవాళ్ళు "నీ గీత ఏదీ పోలన్నా?" అని అడిగితే, 'నాకు గీతా? నాకా?' అని లోలోపల ఉడికిపోయేవాడు. ఒకరోజు ఇంటికి వెళ్ళేసరికి అతని భార్య సూరమ్మ పెరట్లో సొర గింజలు నాటుతోంది.

"ఎక్కడివి?" అన్నాడు.

"నూకాలు ఇచ్చింది. ఇంటింటికీ ఇస్తోంది. మన పడవకూ బుర్రలు కావాలి కదా?"

పోలన్న ఆ గింజలున్న మట్టిని కాలితో కెళ్ళగించేశాడు.

సూరమ్మ లేచి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఏమయ్యా, ఏడాదంతా నీళ్ళ మీదే ఉంటావు. నీ కడుపులో మంట మాత్రం ఏ నీళ్ళకూ ఆరదేం?"

పోలన్న గిర్రున తిరిగి బయటికి నడిచాడు. నూకాలును ఎలాగైనా నలుగురిలో చిన్నబుచ్చాలి, అంతే అనుకున్నాడు.

మరునాడు రేవు నిండా జనం ఉండగా గట్టిగా అన్నాడు. "ఏమమ్మా నూకాలూ! ఇన్ని సొరకాయలు కట్టావు. పడవలోనే పులుసు వండుతావా?"

అందరూ నవ్వారు. నూకాలు కూడా నవ్వింది. "వండుతాను పోలన్నా. కానీ ఇవి ఎండి గట్టిపడ్డ బుర్రలు. ముందు నీ పళ్ళు గట్టివో కాదో చూడనీ" అంది. ఈసారి జనం ఇంకా పెద్దగా నవ్వారు. పోలన్నకు తల కొట్టేసినట్టయింది.

అది పారలేదని ఇంకొకటి ఆలోచించాడు. సంతకు వెళ్ళేవాళ్ళ చెవుల్లో మెల్లగా ఒక మాట వేశాడు. "ఏటి తల్లిని నమ్ముకుని బతికేవాళ్ళం. ఇప్పుడు పడవలకు బుర్రలు కడుతున్నాం. అంటే తల్లిని నమ్మనట్టేగా? ఆమెకు కోపం వస్తే ఏమవుతుంది?"

ఆ మాట రేవంతా పాకింది. కొందరు భయపడి బుర్రలు విప్పేశారు. నూకాలు వాళ్ళ దగ్గరకు వెళ్ళి కూర్చుంది. "తల్లి పక్కన బిడ్డను పడుకోబెట్టినా, అటువైపు ఒక దిండు అడ్డం పెడతాం. అది తల్లి మీద అనుమానమా?" అని అడిగింది.  సాయంత్రానికి బుర్రలన్నీ మళ్ళీ పడవలెక్కాయి.

పోలన్నకు అసూయతో అన్నం సయించడం మానేసింది.

ఒక మంగళవారం మధ్యాహ్నం. ఎండ మాడుస్తోంది. అందరూ భోజనాలకు వెళ్ళారు. రేవులో పడవలు మాత్రమే ఉన్నాయి. వాటిలో బైరాగి అనే పడుచువాడి పడవ ఉంది. బైరాగి నూకాలును అక్కా అని పిలుస్తూ ఆమె వెంటే తిరిగేవాడు.

పోలన్న అటూ ఇటూ చూశాడు. తడిగుడ్డతో బైరాగి పడవ మీద గీతను తుడిచేశాడు. నాలుగు వేళ్ళ ఎత్తు కొలిచి, పైన కొత్తగా సున్నపు గీత గీశాడు.

'మనుషులు నలుగురు ఎక్కువ ఎక్కుతారు. కాసిని నీళ్ళు లోపలికొస్తాయి. చీరల కుచ్చెళ్ళు తడుస్తాయి. నూకాలు గీత పనికిరాదని రేవంతా నవ్వుకుంటుంది. అంతే. అంతకన్నా ఏమీ కాదు' అని తనకు తాను చెప్పుకున్నాడు.

బుధవారం సంత. తెల్లవారగానే బైరాగి పడవ నిండింది. పదిమంది ఎక్కాల్సిన పడవలో పద్నాలుగు మంది ఎక్కారు. నూకాలు ఒడ్డున వంగి చూసింది. గీత నీటి పైనే ఉంది. గడ మీద గుడ్డ కదలడం లేదు. ఎందుకో ఒక క్షణం సందేహించినట్టు మళ్ళీ చూసింది. గీత పైనే ఉంది. వెళ్ళమని చెయ్యి ఊపింది.

పోలన్న తన పడవలో వెనుకే ఉన్నాడు. పద్నాలుగు తలలు లెక్కపెట్టాడు. "ఒరే బైరాగీ, ఆగు!" అనడానికి నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే ముందు పడవలో ఒకామె పక్కామెతో అంది. "నూకాలు చెయ్యి ఊపిందిగా, ఇక మనకేం భయం!"

పోలన్న నోరు మూసుకుపోయింది.

ఏటి నడుమకు వెళ్ళాక గాలి లేచింది. పెద్ద గాలేమీ కాదు. మామూలు రోజుల్లో అయితే పడవ కాస్త ఊగి సర్దుకునేది. ఆ రోజు అంచు నీళ్ళకు అందింది. ఒక అల లోపలికి వచ్చింది. జనం భయపడి ఒక పక్కకు ఒరిగారు. పడవ తిరగబడింది.

పోలన్న అప్పటికే నీళ్ళలో దూకాడు. ఎప్పుడు దూకాడో అతనికే తెలియదు. మునిగిపోతున్న ఒక ముసలమ్మను జుట్టు పట్టి పైకి లాగాడు. ఒక తల్లినీ చంటిబిడ్డనూ తన పడవ అంచుకు చేర్చాడు. మిగతావాళ్ళు సొర బుర్రలు కావలించుకుని తేలుతున్నారు. ఇంతలో నూకాలు, ఆమె వెంట ఉండేవాళ్ళు రెండు పడవల్లో తాళ్ళు వేసుకుని వచ్చారు. ఒక్కొక్కరినీ లాగారు. పద్నాలుగు మందీ, బైరాగీ ఒడ్డుకు చేరారు. పడవ మాత్రం దిగువన బండలకు కొట్టుకుని ముక్కలైంది. ముసలమ్మకు మూడు రోజులు మాట రాలేదు.

ఒడ్డున చలికి వణుకుతూ ఒకాయన నూకాలు ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"గీత మునగకూడదన్నావు. గీత మునగలేదు. మేం మునిగాం!"

నూకాలు పద్నాలుగు మందినీ ఒక్కొక్కరినీ చూసింది. "ఎక్కడ తప్పిందో నాకు తెలియడం లేదు" అంది మెల్లగా. తరువాత తడిగుడ్డ తీసుకుని, రేవులోని పడవలన్నిటి మీదా తాను గీసిన గీతలను తానే తుడిచేసింది. ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయింది.

జనం పోలన్నను భుజాల మీద ఎత్తుకుని ఊరంతా తిప్పారు. ఇన్నాళ్ళూ కోరుకున్నది అదే. కానీ భుజాల మీద కూర్చున్నవాడికి, కింద పడిపోతానేమోనన్నట్టు ఒకటే దడ. ఆ రోజు సూరమ్మ ఇష్టంగా చేపల పులుసు చేసి వడ్డిస్తే, మొదటి ముద్దకే లేచి చెయ్యి కడుక్కున్నాడు.

రోజులు గడిచాయి. రేవులో ఎవరూ నిలబడడం లేదు. ఎర్రగుడ్డ చిరిగిపోతే మార్చినవాళ్ళు లేరు. పడవల్లో మళ్ళీ కిక్కిరిసి ఎక్కుతున్నారు. పడవ పోయిన బైరాగి మూటలు మోసుకుని బతుకుతున్నాడు. ఎదురుపడితే "బాబాయ్, నువ్వు లేకపోతే ఆ రోజు ఏమయ్యేదో!" అని చేతులు పట్టుకునేవాడు. పోలన్న ఆ చేతులు విడిపించుకుని పారిపోయేవాడు.

ఒకరోజు ఉండబట్టలేక నూకాలు గుడిసె వైపు వెళ్ళాడు. వాకిట్లో నీళ్ళ తొట్టి ఉంది. అందులో ఒక చిన్న కొయ్య పడవ తేలుతోంది. నూకాలు దానిలో ఒక్కొక్క గులకరాయీ వేస్తోంది. చేత్తో నీళ్ళు కదిలిస్తోంది. గీత గీస్తోంది. తుడుస్తోంది. మళ్ళీ గీస్తోంది. ఆమె కళ్ళు లోపలికి పోయాయి. పేనని పీచు మూలన కుప్పగా పడి ఉంది.

పోలన్నను చూసి గబగబా లేచింది. "రా అన్నా. నువ్వే చెప్పాలి. ఈ ఏటి గురించి నీకు తెలిసినంత ఎవరికీ తెలియదు. నా గీత ఎక్కడ తప్పింది? ఎన్నిసార్లు చూసినా సరిగ్గానే కనిపిస్తోంది. సరిగ్గా ఉంటే మరి వాళ్ళెందుకు మునిగారు?"

 "ఏరంటే అంతేనమ్మా. ఒక్కోసారి అలా జరుగుతుంది" అన్నాడు. వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాడు.

ఆ దేశపు రాజు అనంతపాలుడు. పద్నాలుగు మందిని కాపాడిన సరంగు గురించి విని, తానే ముత్యాల రేవుకు వచ్చాడు. ఇసుకలో పందిరి వేశారు. ఊరు ఊరంతా చేరింది. రాజుగారి చేతిలో బంగారు కంకణం తళతళలాడుతోంది.

"పోలన్నా, ముందుకు రా! నేటి నుంచి ఈ రేవుకు నువ్వే అధికారివి. పనికిరాని గీతలు గీసి జనాన్ని ఏమార్చినామె ఇక ఏటి గట్టుకు రాకూడదు. ఇది నా ఆజ్ఞ" అన్నాడు రాజు.

జనం జేజేలు కొట్టారు. పోలన్న చెయ్యి చాచాడు. చాస్తూ ఒకసారి జనం వైపు చూశాడు. అందరికన్నా వెనుక నూకాలు నిలబడి ఉంది. ఏటి గట్టుకు రావద్దన్న మాట విన్న కళ్ళలో నీళ్ళున్నాయి. అయినా ఆమె చేతులు చరుస్తోంది. మొహమాటానికి కాదు. పోలన్నకు కంకణం దక్కుతున్నందుకు నిజంగానే సంతోషపడుతూ చరుస్తోంది.

కొబ్బరికాయనాడు తాను చరిచిన చప్పట్లు పోలన్నకు గుర్తొచ్చాయి. చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మహారాజా, ఇది నాకు వద్దు."

"ఎందుకు?"

"ఆ పడవను ముంచింది నేనే."

 పోలన్న ఇసుకలో మోకాళ్ళ మీద కూలబడి మొత్తం చెప్పాడు. కొబ్బరికాయ తనను దాటి వెళ్ళడం, తన కళ్ళు కుట్టడం, గుడ్డతో తుడవడం, సున్నంతో గీయడం, ఆగమని అరవబోయి నోరు మూసుకోవడం, ఏదీ దాచలేదు. వింటున్న సూరమ్మ చెంగుతో మొహం కప్పుకుంది. బైరాగి పిడికిలి బిగించి ముందుకు దూకితే నలుగురు పట్టుకుని ఆపారు.

జనాన్ని తోసుకుంటూ నూకాలు వచ్చింది. పోలన్న ఎదురుగా నిలబడింది. తిట్టలేదు. ఒక్కటే అడిగింది.

"ఎంత పైకి గీశావు?"

"నాలుగు వేళ్ళు."

"నాలుగు వేళ్ళు" అని ఆమె తనలో తాను అనుకుంది. పెదవులు కదిలాయి. లెక్క సరిపోయింది. ఆమె కూడా ఇసుకలో కూలబడి, పసిపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

"అయితే నా గీత తప్పు కాదన్నమాట. వాళ్ళను ముంచింది నేను కాదన్నమాట."

అన్ని రోజులుగా ఆమె ఎంత బరువు మోసిందో పోలన్నకు అప్పుడు తెలిసింది. కొరడా దెబ్బలు తిన్నా అంత నొప్పి పుట్టేది కాదు.

రాజు కళ్ళు ఎర్రబడ్డాయి. "అమ్మా, ఇతనికి ఏ శిక్ష వెయ్యమంటావు? నువ్వే చెప్పు."

నూకాలు కళ్ళు తుడుచుకుంది. "ప్రభూ, క్షమించానని నేను చెప్పలేను. ఆ రోజు పడవలో ఉన్నది నేను కాదు. మాట పడిపోయింది ఆ ముసలమ్మకు. పడవ పోయింది బైరాగికి. వాళ్ళే చెప్పాలి."

ముసలమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. "ముంచిందీ వీడే, జుట్టు పట్టి లాగిందీ వీడే. వీణ్ణి చెరలో పెడితే నాకేం ఒరుగుతుంది నాయనా? రేవులో నిలబెట్టండి. ఇంకొకరు మునగకుండా చూస్తాడు."

పోలన్న లేచి, తన పడవ కట్టిన తాడు తెచ్చి బైరాగి చేతిలో పెట్టాడు. "ఇక ఇది నీది." బైరాగి అతని మొహం చూడలేదు. కానీ తాడు అందుకున్నాడు.

"నాదీ ఒక మనవి ప్రభూ" అంది నూకాలు. "సున్నం అయితే చెరిగిపోతుంది. ఎవరూ మార్చడానికి వీల్లేకుండా గీతను ఉలితో చెక్కించండి. ఒక్క ఈ రేవులోనే కాదు, మీ రాజ్యంలో ఎన్ని రేవులున్నాయో అన్నిటిలోనూ."

రాజు తల వంచి, తాను తొందరపడి అన్న మాటకు ఆమెను మన్నించమని అడిగాడు. నెల తిరిగేలోగా రాజ్యంలోని పడవలన్నిటికీ గీతలు చెక్కించాడు.

రాజు వచ్చి వెళ్ళిన మరునాటి నుంచి పడవ లేని పోలన్న తెల్లవారకముందే రేవుకు వచ్చేవాడు. మొదట్లో అతనితో ఎవరూ మాట్లాడేవారు కాదు. అతను మాత్రం బుర్రలు తట్టి చూసేవాడు. పగిలినవి మార్చేవాడు. తలలు లెక్కపెట్టేవాడు. ఎగువన మబ్బు పడితే గుడ్డ కదలకముందే పడవలు ఆపేవాడు. ఆ విద్య నూకాలుకు కూడా నేర్పాడు. ఆమె అతనికి తేలే తాళ్ళు పేనడం నేర్పింది.

అసూయ ఒక్కరోజులో పోలేదు. ఎవరైనా నూకాలును పొగిడితే అతని గుండెలో ముల్లు కదిలేది. అలాంటప్పుడు అతను ఇంకొక తాడు తీసుకుని ముడి వేయడం మొదలుపెట్టేవాడు. ముడి బిగిసేసరికి ముల్లు సద్దుమణిగేది.

కొన్నేళ్ళకు ఒక వానాకాలంలో నూకాలు జ్వరంతో మంచం పట్టింది. నెల రోజులు రేవంతా పోలన్నే చూసుకున్నాడు. దూరదేశపు వర్తకుడు ఒకడు పడవ దిగి, చుట్టూ చూసి ఆశ్చర్యపోయాడు.

"ఎన్నో ఏళ్ళు తిరిగాను. పడవ ఎక్కేవాడి ప్రాణానికి ఇంత విలువనిచ్చే రేవును చూడలేదు. ఇదంతా ఎవరు మొదలుపెట్టారయ్యా?"

ఆ మాట వినపడేంత దగ్గరలో ఎవరూ లేరు. పోలన్న ఏం చెప్పినా అడిగేవాడు లేడు.

"నూకాలు అని మా చెల్లెలు. జ్వరంగా ఉండి రాలేదు. ఆ కనిపించే గుడిసే ఆమెది. వెళ్ళి ఈ మాట ఆమెతోనే చెప్పండి, సంతోషిస్తుంది" అన్నాడు పోలన్న.

వర్తకుడు అటు నడిచాడు. పోలన్న తన గుండె మీద చెయ్యి వేసుకుని చూసుకున్నాడు. అక్కడ ముల్లు లేదు. చిన్నగా నవ్వుకుని, తరువాతి పడవలో తలలు లెక్కపెట్టడానికి వంగాడు.

కాబట్టి పిల్లలూ, పక్కవారి మంచిపేరును చెరిపేసి మనం పెద్దవాళ్ళం కాలేము. వారి మంచిపనికి మన చెయ్యి కూడా కలిపినప్పుడే అవుతాము.